భారీ తారాగణం గారికి, చీటీ విషయమై

మహారాజశ్రీ భారీ తారాగణం గారికి,

అశోక్‌నగర్ నుంచి మీ ప్రేక్షకురాలు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. తమరు అక్కడ పదకొండు మంది హీరోహీరోయిన్లతో, ఆరు పాటలతో, లెక్కలేనన్ని డ్రోన్ షాట్లతో క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

విషయం: ఫ్రిజ్ మీది చీటీ.

ఏ చీటీ అంటారేమో. తమరు మర్చిపోయి ఉండొచ్చు. మా ఇంట్లో మాత్రం రెండు రోజులుగా వేరే మాట లేదు.

మొన్న ఆదివారం మ్యాట్నీకి నేనూ మా అమ్మా వచ్చాం. నిజానికి మాకు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ నడిచెళ్లే దూరం. అక్కడి సంధ్య, దేవి, సుదర్శన్ హాళ్ల పేర్లు వింటూ పెరిగినదాన్ని, సినిమా కోసం మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్‌లో రైలు మారి, రాయదుర్గంలో దిగి, అక్కణ్ణుంచి ఆటో కట్టించుకుని మాల్‌కి వెళ్లానంటే తప్పు నాదే. అమ్మకు మోకాళ్ల నొప్పులు, కాళ్లు చాపుకునే కుర్చీ అయితే బాగుంటుందనుకున్నాను. రిక్లైనర్లు రెండూ కలిపి ఏడొందలు దాటాయి. నా ఫోన్లో నా వేలితో నేనే బుక్ చేసుకున్నందుకు పైన కన్వీనియన్స్ ఫీజు. ఎవరి కన్వీనియన్సో రాయలేదు.

గేటు దగ్గర సెక్యూరిటీ అమ్మాయి అమ్మ హ్యాండ్‌బ్యాగులోంచి చేగోడీల డబ్బా తీసి పక్కన పెట్టింది. బయటి తిండి రానివ్వకపోవడం హాలువాళ్ల హక్కేనని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి నేను నోరెత్తలేదు. అమ్మ ఎత్తింది. "ఇది బయటి తిండి కాదమ్మాయ్, ఇంటి తిండి" అంది. పాపం ఆ పిల్ల నవ్వింది గానీ డబ్బా ఇవ్వలేదు.

లోపల పాప్‌కార్న్. 2024 డిసెంబరులో జీఎస్టీ కౌన్సిల్ ఈ పాప్‌కార్న్ మీద కూర్చుని వివరణ ఇచ్చింది గుర్తుందా? విడిగా అమ్మే ఉప్పుదానికి 5 శాతం, ప్యాకెట్లో కట్టి పేరు వేసినదానికి 12, చక్కెర పాకం పట్టిందానికి 18. అప్పుడందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇప్పుడనిపిస్తోంది, పేలాల్లోనే మూడు రకాలు కనిపెట్టారు వాళ్లు. తమరు అయిదు జంటల్ని పెట్టుకుని అయిదింటినీ ఒకే పాకంలో ముంచారు.

సరే, పోస్టరు. మా వీధి మొదట్లో నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ ఉంటుంది చూడండి, మధ్యలో అన్న నిలువెత్తున నమస్కారం పెడుతూ, చుట్టూ శుభాకాంక్షలు చెప్పేవాళ్లు పాస్‌పోర్టు సైజులో. తమరి పోస్టరూ అదే డిజైను. ఫ్లెక్సీలో అయితే పుట్టినరోజు ఎవరిదో తెలుస్తుంది, అంతే తేడా. ఆ ముఖాల మధ్య ఎడమ వైపు మూడో వరుసలో, రేషన్ కార్డు ఫొటో అంత సైజులో, అమ్మకు ఆవిడ కనబడింది. ఎనభైల్లో హీరోయిన్‌గా చేసిన ఆవిడ. పేరెందుకు లెండి, ఆవిడ తప్పేం లేదు. "ఇదిగో, ఈవిడుందే! వెళ్దామే" అంది. గద్వాల చీర కట్టుకుని మరీ బయల్దేరింది. నాన్న మటుకు క్రికెట్ ఉందని రానన్నారు. ముందుచూపు ఉన్న మనిషి.

సినిమా మొదలైంది. ఒకడు కారు దిగాడు, స్లో మోషన్. ఇంకొకడు బైకు దిగాడు, స్లో మోషన్. మూడోవాడు విమానం దిగాడు. నలభై నిమిషాలైనా దిగేవాళ్లు దిగుతూనే ఉన్నారు. "అందరూ పల్లకీ ఎక్కేవాళ్లే, మోసేవాళ్లెవరే?" అంది అమ్మ. ముందు సీటాయన వెనక్కి తిరిగి తలూపాడు.

ఊరు మన హైదరాబాదేనట. చార్మినారు మీద మూడు సెకన్ల డ్రోను, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో అద్దాల మేడ, దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి. ఆ బ్రిడ్జి మీద తమరి రెండో జంట బండి పక్కన ఆపి అర్ధరాత్రి పాట పాడుకుంది. మా తమ్ముడు అక్కడే సెల్ఫీ కోసం బండి ఆపితే చలానా ఇంటికొచ్చింది. పైగా కోటి మంది ఉన్న ఊళ్లో తమరి పదకొండు మందీ ఒక్క కాఫీ షాపులోనే ఎదురుపడతారు. ఒకమ్మాయి చాంద్రాయణగుట్టలో ఏడుస్తూ ఆటో ఎక్కి, కన్నీళ్లు ఆరకముందే గచ్చిబౌలిలో దిగింది. ఆ ఆటో అతని నంబరు ఉంటే చెప్పండి, ప్రేమతో పని లేదు, ఆఫీసుకు పనికొస్తాడు.

ఇవన్నీ నేను సహించాను. టికెట్ కొనేటప్పుడే సహిస్తానని ఒప్పుకున్నట్టు లెక్క.

తర్వాత, సరిగ్గా 58వ నిమిషంలో (ఫోన్ చూసుకున్నాను, అప్పటికి తొమ్మిదోసారి), ఆవిడ వచ్చింది.

పాత డాబా ఇల్లు. వరండాలో ఉయ్యాల బల్ల. ఆయన రిటైర్డ్ హెడ్మాస్టరు. ఇద్దరి మధ్యా మాటల్లేవు. ఆయన ఖాళీ గ్లాసు బల్ల మీద టక్కున పెడితే ఇంకో కాఫీ కావాలని అర్థం. ఆవిడ గ్లాసు తీసుకెళ్లే తీరులోనే ముప్పై ఏళ్ల కాపురం తెలిసిపోయింది. డైలాగ్ లేదు, వెనక మ్యూజిక్ లేదు, పాపం డ్రోనుకు కూడా ఆ ఇంట్లో పట్టే చోటు దొరకలేదు. ఆయన స్నానానికి వెళ్లాడు. ఆవిడ క్యాలెండరు కాగితం ఒకటి చింపి, వెనక వైపు నాలుగు ముక్కలు రాసి, ఫ్రిజ్ మీద మామిడికాయ బొమ్మ మ్యాగ్నెట్ కింద పెట్టింది. చెప్పులేసుకుంది. ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కొచ్చింది. గీజర్ స్విచ్ ఆపింది. గొడుగు తీసుకుని, గేటు చప్పుడవకుండా వేసి వెళ్లిపోయింది.

ఆయన ఇంకా లోపలే ఉన్నాడు!

హాల్లో ఆడవాళ్లంతా ఒక్కసారి గొల్లుమన్నారు. అమ్మయితే చప్పట్లు కొట్టింది. 156 నిమిషాల్లో జనం మనసారా నవ్విన చోటు అదొక్కటే. నేను ఫోన్ బ్యాగులో పెట్టేసి, రిక్లైనర్ నిటారుగా చేసుకుని కూర్చున్నాను. ఇంకేం, సినిమా మొదలైందనుకున్నాను.

కట్ చేస్తే మంచు కొండలు. మూడో జంట. పల్చటి బట్టల్లో పాట.

ఇంటర్వెల్లో అమ్మ అడిగింది, "ఆ చీటీలో ఏం రాసిందంటావే?"

"సెకండాఫ్‌లో చెప్తాడులే అమ్మా" అన్నాను.

గమనించారా, ఇక్కడ మాట ఇచ్చింది నేను. తమరి తరఫున, తమరిని నమ్మి, డెబ్బై రెండేళ్ల మనిషికి మాట ఇచ్చాను.

సెకండాఫ్‌లో ఒకడు ఎయిర్‌పోర్టులో పరిగెత్తాడు. ఎయిర్‌పోర్టులో పరిగెత్తేవాణ్ణి సీఐఎస్ఎఫ్ వాళ్లు ఎందుకు పట్టుకోరో నాకెప్పటికీ అర్థం కాదు. ఒకమ్మాయి పెళ్లి పీటల మీంచి లేచింది. ఒకడు తాగి తత్వం చెప్పాడు. చీటీ రాలేదు. చివర్లో అందరూ రాజస్థాన్‌లో ఏదో కోటలో పెళ్లికి చేరారు. గ్రూప్ ఫొటో. అందులో ఎడమ పక్కన ఆవిడ, పక్కనే ఆ హెడ్మాస్టరు! ఆవిడ పట్టుచీరలో నవ్వుతోంది. ఆయన భుజమ్మీద చెయ్యి కూడా వేశాడు. గొడుగు లేదు.

లైట్లు వేశారు.

"చెప్తాడన్నావు" అంది అమ్మ. అంతే అంది. నాకు అంతకంటే ఎక్కువ తిట్టు అక్కర్లేదు.

రాయదుర్గంలో రైలెక్కాం. హైటెక్ సిటీ రాకముందే మొదలైంది. "పుట్టింటికి పోతున్నానని రాసుంటుంది." ఆ వయసులో పుట్టింట్లో ఎవరుంటారమ్మా అన్నాను. "అన్నయ్య ఉంటాడు" అంది. పెద్దమ్మ గుడి స్టేషన్ దాటాక ఎందుకో ఒకసారి దణ్ణం పెట్టుకుని, "అన్నయ్య పోయుంటాడులే" అని తనే మార్చింది. యూసుఫ్‌గూడ దగ్గర, అది అసలు ఉత్తరమే కాదు, సరుకుల చీటీ అయ్యుంటుందన్న అనుమానం వచ్చింది. సరుకుల చీటీ అయితే గీజర్ ఎందుకు ఆపుతుంది అన్నాను. "కరెంటు బిల్లు" అంది. అమీర్‌పేటలో జనం తోసుకుంటూ ఎక్కారు. ఆ గోలలో అమ్మ గొంతు పెంచి, "ఏమే, తాళాలు ఎక్కడున్నాయో రాసుంటుందా?" అని అరిస్తే, పక్కన నిలబడ్డ కుర్రాడు చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీశాడు. "ఆంటీ, మీరూ అదే షోనా?" అన్నాడు. వాడి లెక్క ప్రకారం అందులో ఏటీఎం పిన్ ఉంటుందట. బేగంపేట, ప్రకాశ్ నగర్, రసూల్‌పురా. ముగ్గురం తేల్చలేకపోయాం. ప్యారడైజ్‌లో దిగుతూ వాడు, "తెలిస్తే బాగుండు ఆంటీ" అన్నాడు. వాడికి పాతికేళ్లుంటాయి. తమరి ప్రేమజంటలన్నీ వాడి వయసువే. వాడు వాటిలో ఒక్క పేరు కూడా ఎత్తలేదు.

ఎక్కువమంది ఉంటే కథ చెప్పడం కష్టమండీ అంటారేమో. ఆ మాట అమ్మ దగ్గర అనకండి. పరేడ్ గ్రౌండ్‌లో రైలు మారే ఎస్కలేటర్ మీద నాకు పాఠం మొదలైంది. 1955లో మిస్సమ్మ. ఎన్టీఆర్, ఏఎన్నార్, సావిత్రి, జమున, ఎస్వీ రంగారావు, రేలంగి, రమణారెడ్డి. ఇద్దరు నిరుద్యోగులు మొగుడూపెళ్లాలమని అబద్ధమాడి ఉద్యోగంలో చేరతారు. దానికి అంత పెద్ద హీరో అయ్యుండి నాగేశ్వరరావు డిటెక్టివ్ వేషం వేసుకుని నవ్విస్తాడు. అప్పిచ్చి వెంటపడే డేవిడ్‌కి కూడా కథలో చేతినిండా పనుంది. "1962లో గుండమ్మ కథ. రామారావుకి వందో సినిమా, నాగేశ్వరరావుకి తొంభైతొమ్మిదోది. అంత పెద్దవాళ్లిద్దరున్నా పేరు ఎవరిది పెట్టారు? సూర్యకాంతానిది" అంది అమ్మ. నిజమే. తమరైతే ఆ సూర్యకాంతాన్ని గ్రూప్ ఫొటోలో ఎడమ పక్కన నిలబెట్టేవారు.

నిమిషాలు తక్కువైతే ఏం చేస్తామంటారా? తమరి ఇంగ్లీషు పూర్వీకుల్నే అడగండి. 2003 నాటి లవ్ యాక్చువల్లీలో అన్ని కథల మధ్య ఎమ్మా థాంప్సన్ ఉంటుంది. మొగుడి కోటు జేబులో నెక్లెస్ చూసి తనకే అనుకుంటుంది. పండక్కి తన కానుక విప్పితే జోనీ మిచెల్ పాటల సీడీ, నెక్లెస్ ఇంకొకావిడకు. పడగ్గదిలోకి వెళ్లి ఒక్కతే నిలబడి, కళ్లు తుడుచుకుని, పక్క మీద దుప్పటి సర్ది, పిల్లల దగ్గరికి నవ్వుతూ వస్తుంది. అయిదు నిమిషాలు కూడా పట్టదు. ఆ సినిమాలో బ్రిటన్ ప్రధానమంత్రి డాన్సు చేశాడు, అయినా నాకు గుర్తున్నది దుప్పటి. 2010లో వాలెంటైన్స్ డేలో జూలియా రాబర్ట్స్ దాదాపు విమానం సీట్లోనే కూర్చుని ఉంటుంది. ఇంత దూరం ఎవరికోసం వస్తోందబ్బా అనుకుంటాం, చివరికి తలుపు తీస్తే కొడుకు. చిన్న వేషమే, కానీ బాకీ తీర్చారు. ఆ దర్శకుడు గ్యారీ మార్షల్ తర్వాత 2011లో న్యూ ఇయర్స్ ఈవ్, 2016లో మదర్స్ డే అని క్యాలెండరు పట్టుకుని వరసగా తీశాడు, అవి అంత గొప్పవేం కావు. ఆయన చేతికి మన పంచాంగం దొరకలేదు, దొరికితే అట్లతద్దిని కూడా వదిలేవాడు కాదు. హిందీలో 2007లో సలామ్-ఎ-ఇష్క్ అని ఆరు జంటలతో మూడున్నర గంటలు కూర్చోబెట్టారు. అది చూసిన నా నడుముకు తమరి 156 నిమిషాలు లెక్కలోవి కావు.

ఇక 2018లో మన కేరాఫ్ కంచరపాలెం. ఒక్క తార లేదు. చాలామంది ఆ ఊరివాళ్లే, కెమెరా ముందుకు మొదటిసారి వచ్చినవాళ్లు. నాలుగు వయసుల ప్రేమలు తీసి నాలుగింటికీ ముడి వేసి చూపించారు. వాళ్లకు పోస్టరు మీద వేసుకోవడానికి ముఖాల్లేవు కాబట్టి కథ రాసుకున్నట్టున్నారు.

నాకు తెలుసు ఎలా జరిగిందో. సినిమా వాళ్ల భాషలో కాంబినేషన్ కాల్షీట్లు కుదరలేదు. పదకొండు మందీ ఒకరోజు ఒకచోట దొరకరు. కాబట్టి ఎవరి జంట వాళ్లది, ఎవరి వారం వాళ్లది. అందుకే పెళ్లి సీన్లో ఒకడు మాట్లాడుతుంటే ఎదుటివాడి భుజం మాత్రమే కనిపించింది, అది ఎవరి భుజమో. గ్రూప్ ఫొటోలో మూడు ముఖాల మీద ఎండ కుడి నుంచి పడుతోంది, మిగతావాళ్ల మీద ఎడమ నుంచి. తీరా లెక్క చూసుకుంటే లెంగ్త్ ఎక్కువైంది. ఎడిటింగ్ టేబుల్ దగ్గర ఎవరి ట్రాక్ ట్రిమ్ చెయ్యాలి? కారు దిగినవాడిది ముడితే అభిమానులు ఊరుకోరు. పెద్దావిడ కోసం గొడవ చేసేదెవరు?

ఇక్కడిదాకా మర్యాదగానే రాశాను. ఇంక నావల్ల కాదు. ఏమయ్యా భారీ తారాగణం, నీకు అయిదు కార్లు దిగడానికి టైముంది, మంచు కొండ ఎక్కడానికి టైముంది, ఒక్క కాగితం ముక్క కెమెరాకు చూపించడానికి లేదా? అయిదు సెకన్లు! ఆయన తువ్వాలు చుట్టుకుని వణుకుతూ బయటికొచ్చి ఆ చీటీ చదవడం తీసి ఉండవా? తీసే ఉంటావు. ఆ నటుడు ఊరికే రెండ్రోజులు వచ్చి గ్లాసు టక్కుమనిపించి పోతాడా? తీసి, కోసి, పారేశావు. పారేసి, ఏమీ జరగనట్టు ఇద్దరినీ పట్టుబట్టల్లో పక్కపక్కన నిలబెట్టావు. మరి ఆవిడ ఎందుకెళ్లింది? ఎవరు పిలిస్తే తిరిగొచ్చింది? ఆయన ఏం అన్నాడు, అసలు నోరు తెరిచాడా? మా అమ్మ 1989లో మా నాన్నతో పదకొండు రోజులు మాట్లాడలేదు. ఎందుకో ఇప్పటికీ ఇద్దరూ చెప్పరు. పన్నెండో రోజు పొద్దున ఎలా కలిశారో కూడా చెప్పరు. నాకప్పుడు తొమ్మిదేళ్లు, ఇంట్లోనే ఉన్నాను, అయినా చూడలేకపోయాను. నీ దగ్గర కెమెరా ఉందిగా!

సరే. నీళ్లు తాగొచ్చాను.

సోమవారం ఆఫీసులో ముగ్గురు అడిగారు, చూడొచ్చా అని. ఒకరికి వద్దన్నాను. ఒకరికి ఓటీటీలో వచ్చేదాకా ఆగమన్నాను. మూడో ఆవిడ వాళ్ల అమ్మను తీసుకెళ్తానంది. ఆవిడకు మాత్రం యాభై నిమిషాలు ఆలస్యంగా వెళ్లమని, గీజర్ ఆగాక లేచి వచ్చేయమని చెప్పాను. నాలుగు నిమిషాలకు ఏడొందలా అంది. ఆ నాలుగు నిమిషాలకైతే ఇవ్వచ్చు.

ఓటీటీలో తమరు వచ్చిన రోజు మళ్లీ చూస్తామని కూడా తెలియజేసుకుంటున్నాను. అమ్మ ఇప్పటికే రెండుసార్లు అడిగింది, టీవీలో అయితే ఆపి, పెద్దది చేసి, కాగితం మీద అక్షరాలు కనిపిస్తాయా అని. కోసి పారేసిన ముక్క ఏ మూలైనా పడి ఉంటే దయచేసి దాన్ని కూడా జత చేయగలరు.

ఇట్లు,
రిక్లైనర్ హెచ్ 7
(హెచ్ 8 తరఫున కూడా)

తాజా కలం: ఈ ఉత్తరం ఇవాళ పొద్దున పోస్టు చేద్దామనుకుని, వెళ్తూ వెళ్తూ కింది పోర్షన్‌లో అమ్మావాళ్లకు చెప్పడానికి దిగాను. అమ్మ లేదు. గొడుగు లేదు. నాన్న తువ్వాలు చుట్టుకుని, నెత్తి మీంచి నీళ్లు కారుతుండగా ఫ్రిజ్ ముందు నిలబడి ఉన్నారు. చేతిలో క్యాలెండరు కాగితం. నేనూ భుజం మీంచి చదివాను: "చిక్కడపల్లి వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్తున్నా. ఉప్మా మూకుట్లో ఉంది. వస్తాను."

నాన్న మళ్లీ మొదట్నుంచి చదివారు. తర్వాత కాగితం వెనక్కి తిప్పి కూడా చూశారు.